ఖుద్దూస్ చాచా కలం పొట్టు

మొన్న ఆదివారం మా ఆవిడ చెగోడీలు వేయించి, పోసి పెట్టుకోవడానికి మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి కావాలని ఇల్లంతా వెతికి, చివరికి నా బట్టల బీరువా అడుగున పాత పంచెల కింద దాచుకున్న బిస్కెట్ల రేకుడబ్బాను బయటికి లాగింది. స్నానాల గదిలోంచి నేను తడి ఒంటితో పరుగెత్తుకొచ్చేసరికి మూత ఊడిపోయింది. వానకు నానిన వెదురు, కొబ్బరినూనె దీపపు మసి, తుమ్మజిగురు, వాటన్నిటి మీదా పల్చగా బూజు, అన్నీ కలిసి నలభై ఏళ్ళ కిందటి సాయంత్రం ఒకటి తిన్నగా ముక్కులోకి దూరినట్టయింది. లోపల ఉన్నది సన్నటి గోధుమరంగు పొడి. ఒకప్పుడు అది కలం చెక్కినప్పుడు రాలిన పొట్టు. ఈ దీవుల తేమా, పుచ్చుపురుగులూ కలిసి దాన్ని పిండి కొట్టి పెట్టాయి. "ఏటండీ ఇది, నశ్యమా?" అంది మా ఆవిడ. నశ్యం కాదే, నాశనం అందామనుకున్నాను. అనలేదు. అనవలసినవి అనకపోవడంలో నాకు చాలా అనుభవం ఉంది.

ఈ సంగతిలో నా తెలివితక్కువతనాన్ని ముందే ఒప్పేసుకుంటే మీకూ నాకూ శ్రమ తగ్గుతుంది. మనిషన్నాక ఎక్కడో ఒకచోట వెధవ అవుతాడు. ఒకే డబ్బా దగ్గర రెండుసార్లు అవడానికి మాత్రం కొంత సాధన కావాలి. పదో ఏట, తగలబెట్టకూడని రోజున అందులోది తగలబెట్టాను. ఇరవై నాలుగో ఏట, తగలబెట్టి తీరవలసిన రోజున డబ్బాను చంకలో పెట్టుకుని నిలబడ్డాను. ఆ రెంటికీ నడుమ గడిచిన పద్నాలుగేళ్ళనే నేను నా బాల్యం అనుకుంటాను. అంత పొడుగు బాల్యం ఎవరికీ ఉండదని తెలుసు, కానీ బుద్ధి రానంతకాలం బాల్యమే కదా.

మేం పెరిగింది పోర్ట్‌బ్లెయిర్‌లో షాదీపూర్. ఇప్పుడక్కడ మేడ మీద మేడ, మేడ కింద స్కూటర్లు. అప్పట్లో కొండవాలు మీద మెట్లు మెట్లుగా చెక్క ఇళ్ళు, రేకు కప్పులు, ప్రతి పెరట్లోనూ ఒక పనసచెట్టు, దాని మొదట్లో ఒక కోళ్ళగూడు, దండేల మీద ఎప్పటికీ ఆరని బట్టలు. మే నెలాఖరున పట్టిన వాన నవంబరు దాకా వదిలేది కాదు. ఆ వాన రేకుల మీద పడుతుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినబడేది కాదు. మా అమ్మా నాన్నా ఏటా ఆ ఆరు నెలలూ దెబ్బలాడుకోకుండా ఉండడానికి కారణం అదేనని నా అనుమానం. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి డాక్‌యార్డులో ఫిట్టరయ్యాడు. వైజాగ్ ఓడ వచ్చిన వారమంతా మా ఇంట్లో కొత్త చింతపండు, ఎండుమిరపకాయలు, తాటిబెల్లం వాసన. ఓడ రాని వారాల్లో మాకు పక్కింటి వాసనే గతి. ఆ పక్కిల్లు ఖుద్దూస్ చాచాది.

చాచా కూడా డాక్‌యార్డులోనే పెయింటరు. పగలంతా ఓడ పక్కన తాళ్ళకు వేలాడే పలక మీద కూర్చుని ఓడ పేరును మనిషెత్తు అక్షరాలతో రాసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళూ చేతులూ కడుక్కుని, గంధం రంగు లుంగీ కట్టుకుని, వరండాలో చాప పరుచుకుని, వెదురు కలంతో గోరంత గోరంత అరబ్బీ అక్షరాలు రాసేవాడు. పొట్టిగా, బక్కగా, చెవుల దాకా నెరిసిన గడ్డంతో ఉండేవాడు. చేతివేళ్ళు మాత్రం వేరే పెద్దమనిషివి తెచ్చి అతికించినట్టు పొడుగ్గా ఉండేవి. ఆయన తాత అవతలి ఒడ్డు నుంచి ఖైదీగా, సంకెళ్ళతో వచ్చినవాడు. శిక్ష తీరాక వెనక్కి పోకుండా ఇక్కడే కాపురం పెట్టి, ఇక్కడి వెదురుతో కలం చేసుకుని, ఇక్కడి కొబ్బరినూనె మసితో సిరా చేసుకుని, జప్తు చేయడానికి వీల్లేక తనతో మిగిలిన ఒకే ఒక ఆస్తిని, అంటే చేతిరాతని, కొడుక్కి ఇచ్చాడు. ఆ కొడుకు ఖుద్దూస్ చాచాకి ఇచ్చాడు. చాచా తన ఒక్కగానొక్క కూతురు నసీమా దీదీకి ఇచ్చాడు. చాచీని నేనెరగను, నేను పుట్టకముందే పోయింది. దీదీ నాకన్నా పదేళ్ళు పెద్ద. చేతుల నిండా మట్టిగాజులు, పసుపు దుపట్టా, తండ్రి కన్నా నిదానమైన చెయ్యి.

ఆ ఇంట్లో రాయడమంటే సగం వంటే. కాగితం నున్నగా రావడానికి కోడిగుడ్డు తెల్లసొనలో పటిక కలిపి పూసి, ఆరాక సముద్రపు గవ్వతో గంటలకొద్దీ రుద్దేవాళ్ళు. మిగిలిపోయిన పచ్చసొనను దీదీ ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ వేసి వేయించి, గిన్నెతో మా ఇంటికి పంపేది. కాబట్టి ఆయన కళాసేవలో నా వంతు నేను పుట్టినప్పటి నుంచీ తింటూనే ఉన్నాను. సిరా సంగతి ఇంకా తమాషా. మసినీ జిగురునీ కలిపాక రోజుల తరబడి కుదపాలి, లేకపోతే కలవదు. వెనకటికి ఎడారి దేశాల్లో ఒంటెకు కట్టి పంపేవారట. చాచా సీసాను గుడ్డలో చుట్టి ప్రోతరాపూర్ బస్సు వెనక నిచ్చెనకు కట్టేవాడు. డ్రైవరు ఆయనకు దోస్తు. వారం రోజులు షాదీపూర్‌కీ ప్రోతరాపూర్‌కీ మధ్య తిరిగొచ్చేసరికి సిరా నల్లటి తేనెలా తయారయ్యేది. రోడ్డు గుంతలు పూడ్చిన ఏడాది చాచా దిగులు పెట్టుకున్నాడు.

కలం మొన అరిగినప్పుడల్లా చిన్న చాకుతో చెక్కేవాడు. రాలిన పొట్టును ఊడ్చి పారేయకుండా వేళ్ళ కొసలతో ఏరి, వంటింటి అటక మీది బిస్కెట్ల డబ్బాలో వేసేవాడు. అక్షరం రాసిన కలం కాబట్టి దాని పొట్టు కాళ్ళ కింద పడకూడదు, అదొకటి. అసలు సంగతి వేరే. రాతగాడు పోయినప్పుడు చేయించే ఆఖరి స్నానానికి నీళ్ళు, బతుకంతా అతను చెక్కిన కలాల పొట్టు రాజేసి కాచాలి. అది వాళ్ళ ఇంటి పద్ధతి. తాతకి అలాగే కాచారు. తండ్రికి చాచాయే స్వయంగా పొయ్యి ముట్టించాడు. పొట్టు ఎంతో ఉండదు, అంటుకోవడానికే, మిగతాది కట్టెలు చూసుకుంటాయి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. తెలిసి తగలబెట్టానని మాత్రం అనుకోకండి, అంతటి వాణ్ణి కాను.

చాచా అక్క కొడుకు సలీం నా ఈడువాడే. వాళ్ళది ప్రోతరాపూర్. సెలవులకు మామ ఇంటికొచ్చి, మామ ఇంట్లో కన్నా మా ఇంట్లో ఎక్కువ తినేవాడు. ఆ జూలైలో ఒక శనివారం, పదకొండు రోజులుగా తెరిపి లేని వాన. చాచా డ్యూటీలో ఉన్నాడు, దీదీ రేషను కోసం వెళ్ళింది. ఆ ఇంటి వంటింట్లో మేమిద్దరం, మా ముందు చేటెడు పనసపిక్కలు. కాల్చుకుందామంటే పుల్ల పుల్లా నీళ్ళు కారుతోంది.

"సూఖా ఏదైనా చూడు యార్, పేట్‌లో చూహే పరుగెడుతున్నాయ్" అన్నాడు సలీం.

"అంతా తడిరా. అగ్గిపెట్టె కూడా చెమర్చింది."

వాడు తలెత్తి అటక చూశాడు. "ఊపర్ ఆ డబ్బా చూడు. మామూ కచరా దాస్తాడు అందులో. ఏక్‌దమ్ సూఖా."

పీట మీద పీట వేసి ఎక్కింది నేను. దింపింది నేను. అగ్గిపుల్ల గీసిందీ నేనే. అంత ఎండిన పొట్టు అప్పటికి నేను చూసి ఎరగను. భగ్గున లేచింది. పిక్కలు టపటపా పేలాయి, తొక్క మాడిన తియ్యటి వాసన ఇల్లంతా పట్టేసింది. మూడొంతులు సలీమే తిన్నాడు. నేను ఊదుకుంటూ తినేవాణ్ణి, వాడు ఊదకుండా తినేవాడు.

గొడుగు ముడుచుకుంటూ చాచా లోపలికొచ్చాడు. పొయ్యి చూశాడు, బోర్లించిన డబ్బా చూశాడు. నెమ్మదిగా నా పక్కన గొంతుక్కూర్చుని, రెండు చేతులూ ఆ సెగకు చాపి, "అరె, నా నీళ్ళు అప్పుడే కాగిపోయాయా?" అన్నాడు. చేటలోంచి ఒక పిక్క తీసుకుని, వలిచి, నమిలి, "నమక్ కమ్ హై" అన్నాడు. ఉప్పు తక్కువైందన్నది తప్ప ఆయన నోటి నుంచి ఇంకో ఫిర్యాదు రాలేదు. నేను చేసిందేమిటో, రేషను సంచి గుమ్మంలో వదిలేసి కూలబడి ఏడ్చిన దీదీని చూశాక తెలిసింది. ముప్పై ఏళ్ళ పైచిలుకు రాత, మేం పిక్కలకు తగలేశాం.

అమ్మ నా చెవి పట్టుకుని వానలోనే ఈడ్చుకెళ్ళింది. "ఖుద్దూస్ భయ్యా, ఈణ్ణి ఏటి చేస్తారో చేసీండి. మనిషి సచ్చిపోతే నీళ్ళు కాసుకునేదాన్ని పిక్కలు కాల్చుకు తిన్నాడు గుంటడు!"

"ఏం చెయ్యను బెహన్, ఇంకా చావలేదు కదా" అన్నాడు చాచా. "మళ్ళీ నింపుకుంటా."

మర్నాడు మా దడి వెదురు రెండు బద్దలు విరిచి, కూరగాయల కత్తితో చెక్కి చెక్కి, దోసెడు పొట్టు తెచ్చి డబ్బాలో పోయబోయాను. చాచా చిటికెడు తీసి వాసన చూశాడు. "ఇది ఏం రాసింది?"

"ఏం రాయలేదు చాచా."

"రాయని కలం పొట్టు చూల్హాలోకి పోతుంది బేటా, పొయ్యిలోకి. డబ్బాలోకి రాదు."

"అయితే నేను రాస్తాను."

"క్యా లిఖేగా? ఏబీసీడీ?"

"మీరు రాసేదే."

ఆయన చాప మీద పక్కకు జరిగాడు. ఇంటికి నిప్పు పెట్టినంత పని చేసి శిష్యుడైనవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. సలీంని కూడా రమ్మని అడిగితే, సైకిలు నేర్చుకుంటున్నానన్నాడు.

మొదటి ఆరు నెలలూ ఒక్క నిలువుగీత. అది వాళ్ళ మొదటి అక్షరం. గీత అంటే మీరు తేలిగ్గా తీసుకోకండి. కలం మొనతో చుక్కలు పెట్టి కొలిస్తే ఎత్తు ఇన్ని చుక్కలుండాలి, తల ఇంత వాలాలి, నడుము కాస్తే కాస్త వంగాలి, పాదం ఎటూ జారకూడదు. నా గీతకు నిలబడడం కన్నా ఒరగడమే ఇష్టంగా ఉండేది. రాసింది చాచా ముందు పెడితే ఒక్కటే మాట: "గిర్ గయా." పడిపోయింది. రోజుకు ముప్పై సార్లు పడిపోయేవాణ్ణి. "అరబ్బీ నేర్సుకుని ఏ షేకు కాడ పనికెళ్తాడంట?" అని నాన్న గొణిగితే, "తిన్న పిక్కలు అరగాల కదా" అనేది అమ్మ. పొట్టకోస్తే అరబ్బీ అక్షరం ముక్క లేని వంశంలో పుట్టి నేను సాయంత్రమంతా ఆ చాప మీద కూర్చుంటే, స్కూల్లో నా తెలుగు రాత కూడా కుడివైపుకి కాకుండా ఎడమవైపుకి వాలడం మొదలెట్టింది. ఖురాన్ వాక్యాలు చాచా నాకు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. విడి అక్షరాలు, వాళ్ళ ఇంట్లో వాడుకునే మాటలు, అంతే. ఓర్పు అనే మాట ఒక్కటే ఏడాది రాయించాడు. అది నా కోసమో, తన కోసమో తెలీదు.

ఒక సాయంత్రం ఆయన నా కాగితం చూసి ఏమీ అనలేదు. పడిపోయిందనకపోవడమే నిలబడిందనడం. చాకు నా చేతికిచ్చి కలం చెక్కమన్నాడు. ఆ రాలిన నాలుగు ముక్కల్నీ దీదీ అరచేతిలోకి ఎత్తి, డబ్బాలో వేసి, మూత పెట్టి, "జమ హో గయా" అని నవ్వింది. తగలబెట్టిన రోజు తర్వాత ఆమె నన్ను చూసి నవ్వడం అదే మొదలు.

ఆ ఏళ్ళన్నీ ఇప్పుడు తలుచుకుంటే వరసగా రావు, వాసనలుగా వస్తాయి. రంజాన్ నెలలో పెసరపప్పు గంజి, ఈద్ ఉదయం కొబ్బరిపాలతో కాచిన సేమ్యా, పైన నేతిలో వేగిన జీడిపప్పు. వినాయకచవితికి అమ్మ పంపిన ఉండ్రాళ్ళను చాచా ఒక్కొక్కటే ఎత్తి చూసి, "ఈ గుండ్రం చూడు, మీ అమ్మ కలం పట్టి ఉంటే మనమంతా ఇంటికి పోవాలి" అనడం. జెట్టీ వైపు నుంచి గాలి తిరిగితే ఎండుచేప, డీజిలు. దీదీ జడలో నానిన మల్లెలు. ఇక పోయినవాళ్ళను తలుచుకునే షబేబరాత్‌కు వారం ముందు కబరస్తాన్ పని. అక్కడ సమాధుల తలాపున రాళ్ళకు బదులు పడౌకు చెక్క పలకలుండేవి. వాటి మీద పేర్లు చాచా తాతా, తండ్రీ, ఆయనా రాసినవే. ఈ దీవుల వాన ఎంత గట్టి రంగునైనా ఏడాదిలో నాకేస్తుంది. అందుకని ఏటా ఆ వారం సముద్రం కనబడే ఆ వాలు మీద, తండ్రీ కూతుళ్ళిద్దరూ పలక తర్వాత పలక దగ్గర కూర్చుని చెరిగిన పేర్లకు మళ్ళీ ప్రాణం పోసేవాళ్ళు. నా పని నాచు గీకడం. "చచ్చినవాళ్ళకి కూడా రేషన్ కార్డు రెన్యువల్ ఉంటుంది బేటా" అనేవాడు చాచా. ఒక్కో పేరు రాస్తూ ఆ మనిషి ఎలాంటివాడో చెప్పేవాడు. వీడు గొప్ప ఈతగాడు, ఈమె చేతి పరోటా కోసం జనం దెబ్బలాడుకునేవారు, వీడు నాకు ఒక గొడుగు ఇవ్వాలి.

దీదీకి పెళ్ళయి మాయాబందర్ వెళ్ళిపోయింది. రోజంతా బస్సు, నడుమ రెండుచోట్ల బల్లకట్టు. నాకు డిగ్రీ అయి ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. చేతిరాత బాగుందని ఫైళ్ళన్నీ నా మీదికే తోసేవారు. చాచా రిటైరయ్యాడు, చూపు మందగించింది, కానీ కలం చెక్కడం ఆపలేదు. డబ్బా మూతకు వేలెడు తక్కువలోకి వచ్చింది. ఒక సాయంత్రం దాన్ని ఒళ్ళో పెట్టుకుని బరువు చూసి, "నసీమా దూరంగా ఉంది. నీళ్ళ పని నీది రమణా" అన్నాడు. "అలాగే చాచా" అన్నాను. నా జీవితంలో నేను ఇచ్చిన మాట అదొక్కటే. మిగతావన్నీ దరఖాస్తులు.

ఆయన పోయింది జూలైలోనే, తెల్లారాక, వరండాలో కూర్చునే. మాయాబందర్ దారిలో కొండచరియ విరిగి రోడ్డు మూసేశారు, సముద్రం పోటు మీదుంది, బోటు కదలదు. దీదీ రాలేదు. మట్టి చెయ్యడం ఆ రోజే జరగాలి. సలీం వచ్చి పనంతా నెత్తికెత్తుకున్నాడు. అప్పటికే కాంట్రాక్టుపనుల్లో దిగి, మనుషుల్ని పురమాయించడం బాగా అలవాటైనవాడు. నేను అటక మీంచి డబ్బా దించి పెరట్లోకి వెళ్ళేసరికి, నీలం టార్పాలిన్ పట్టా కింద పెద్ద తొట్టి, తొట్టిలో కరెంటు రాడ్డు, నీళ్ళలోంచి అప్పుడే ఆవిరి.

"అరె రమణా, ఆ కచరా పట్టుకుని ఏం చేస్తావ్?" అన్నాడు సలీం. "ఈ వానలో చూల్హా ఎవడు ముట్టిస్తాడు? రాడ్ పెట్టేశా. దస్ మినిట్‌లో గరమ్."

స్నానం చేయించడానికి వచ్చిన ముసలాయన ఒకాయన నావైపు తిరిగి, ఏమిటది బేటా అని హిందీలో మెత్తగా అడిగాడు. ఆయన అడిగిన తీరు చూస్తే, చెబితే వినేవాడే. రెండు నిమిషాల పని, పిడికెడు పొట్టు, నాలుగు కట్టెలు. కానీ ఆ పెరట్లో అంతమంది వాళ్ళ మనుషుల మధ్య, వాళ్ళ మనిషికి నీళ్ళెలా కాచాలో చెప్పడానికి నేనెవర్ని అనిపించింది. చెప్పుల్లేని కాళ్ళతో, ఒక చేతిలో గొడుగుతో, ఒక చంకలో డబ్బాతో నిలబడి, "కుఛ్ నహీఁ" అన్నాను. ఏం లేదు. పద్నాలుగేళ్ళ పొట్టును ఏం లేదన్నాను.

మూడో రోజు దీదీ వచ్చింది. బోటులో కక్కుకుని కక్కుకుని ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది. "పానీ? పొట్టుతోనే కాచారా?"

"అవును దీదీ."

"సరిపోయిందా?"

"సరిపోయింది. కాస్త మిగిలింది కూడా. అదీ వేసేశాం."

ఫైలు ఖాళీగా పంపకూడదన్న గుమాస్తా బుద్ధి, అబద్ధంలో కూడా వివరాలు నింపేశాను. దీదీ అలాగే గోడకు జారబడి కూర్చుని, "అబ్బాకి నీళ్ళు బాగా వేడిగా ఉండాలి" అంది. అప్పటికి డబ్బా మా ఇంట్లో, పంచెల కింద ఉంది.

తర్వాత ప్రతి ఈద్‌కూ ఫోను చేసేది. "నువ్వున్నావు కాబట్టి అయింది రమణా. నేనుంటే ఏడుస్తూ కూర్చునేదాన్ని." ప్రతిసారీ ఈసారి చెప్పేయాలనుకునేవాణ్ణి, ప్రతిసారీ సేమ్యా ఎలా ఉంది దీదీ అని అడిగేవాణ్ణి. తండ్రి సమాధి పలక మీద పేరు రాసిందే ఆమె ఆఖరి రాత. ఆ తర్వాత వేళ్ళు వంకర్లు పోయి కలం పట్టలేదు. పిల్లలు నేర్చుకోలేదు, ఆమె బలవంతపెట్టలేదు. కిందటేడు వానల్లో దీదీ కూడా పోయింది. చెప్పడానికి ఇక మనిషి లేదు. ఒప్పుకోవలసిన తప్పు మిగిలి, వినవలసిన మనిషి లేకపోతే ఏం చేయాలో ఏ మతంలో రాసుందో నాకు తెలీదు. నేను చదివింది లిపులే.

ఆ వరండా ఉన్నచోట ఇప్పుడు నాలుగంతస్తుల భవనం. పనసచెట్లు పోయాయి, రేకులు పోయాయి, వాన పడినా ఎవరి మాటలు వాళ్ళకు స్పష్టంగా వినబడుతున్నాయి. కబరస్తాన్‌లో పడౌకు పలకలు చెదలు తినగా మిగిలినవి నాలుగో అయిదో. వాటి మీద ఏ పేరూ లేదు, కొత్తవన్నీ అచ్చు పలకలు. కొన్నాళ్ళు నేనే వెళ్ళి చాచా పేరొక్కటి దిద్దాను. వేరే దీవికి బదిలీ అయి నాలుగేళ్ళ తర్వాత తిరిగొస్తే ఏ పలక ఆయనదో నాకే తెలియలేదు. ఈతగాడూ, పరోటాలావిడా, గొడుగు బాకీవాడూ అందరూ కలిసిపోయారు. అక్షరాలు కావాల్సినవాళ్ళు కంప్యూటరులో ఎంచుకుని అర్ధగంటలో స్టిక్కరు తీసుకెళుతున్నారు. వాటిలో ఏ అక్షరమూ పడిపోదు, ఏదీ నిలబడదు.

ఇంతకీ సలీం. ఆర్నెల్ల కిందట మా ఇంటికొచ్చాడు. జుట్టుకు గోరింటాకు, చేతికి పెద్ద గడియారం. ప్రోతరాపూర్‌లో రెండంతస్తుల ఇల్లు కట్టాడట. ముందు గదిలో, సోఫా పైన, ఇంటి పేరు కావాలట, అరబ్బీ అక్షరాలతో, మామూ స్టైల్లో. "స్టిక్కర్ అందరి ఇళ్ళల్లో ఉంది యార్. హాథ్ కా కావాలి, చేత్తో రాసింది. దీవుల్లో నువ్వొక్కడివే మిగిలావ్." మామూ రాత గురించి పది నిమిషాలు గర్వంగా మాట్లాడాడు. నీళ్ళ సంగతి వాడికి గుర్తుందా అని కళ్ళలోకి చూశాను. లేదు. దాచుకోవడం కాదు, నిజంగానే లేదు. సలీం చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే నాకు ప్రాణం హాయిగా ఉండేది.

రాస్తానన్నాను. కాగితానికి తెల్లసొన పూశాను, గవ్వతో రుద్దాను, చెయ్యి వణకని ఉదయాలు చూసుకుని రెండు నెలలు రాశాను. 'సలీం మంజిల్.' నిలబడింది. చాచా చూస్తే ఏమీ అనకుండా ఉండేవాడు. ఇక చుట్టూ అంచు మిగిలింది. ఉన్నవాటిలోకెల్లా సన్నటి కలం చెక్కుకుని, ఒకదానికొకటి తీగలతో కలుపుతూ, గుండ్రటి గుండ్రటి తెలుగు అక్షరాలతో, నాలుగు వైపులా పదకొండుసార్లు ఇలా రాశాను: ఈ ఇంటాయన తన మామకి కరెంటు రాడ్డుతో కాచిన నీళ్ళు పోయించాడు. ఇది రాసినవాడు పక్కనే గొడుగు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

గృహప్రవేశానికి రెండొందల మంది వచ్చారు. సలీంకి తెలుగు మాటలొస్తాయి, అక్షరాలు రావు. వాడితో పనిచేసే మన కాంట్రాక్టర్లు, వాళ్ళ కొడుకులూ కోడళ్ళూ, షాపులవాళ్ళు, అంతా దాని కింద నిలబడి ఫొటోలు దిగారు. తెలుగు చదవగల పాత తరంవాళ్ళు ఇద్దరు ముగ్గురుంటే వాళ్ళు బిర్యానీ దగ్గరున్నారు. మా వాడు, ఇక్కడే పుట్టి పెరిగి, ఇంట్లో నాతో తెలుగులోనూ తనలో తాను హిందీలోనూ మాట్లాడుకునే నా కొడుకు, దాన్ని ఫోన్లో పెద్దది చేసి చూశాడు. పొరుగువాళ్ళ లిపి కోసం పద్నాలుగేళ్ళు చాప మీద కూర్చున్నవాణ్ణి, వీణ్ణి ఒక్క వేసవి కూర్చోబెట్టి మన యాభై ఆరు అక్షరాలూ దిద్దించలేదు.

"మస్త్ ఉంది నాన్నా. ఏక్ నంబర్. మతలబ్ ఏంటి?" అన్నాడు.

నడుమనున్నది ఇంటి పేరని చెప్పాను. వాడు చుట్టూ ఉన్న తీగ మీద వేలు పెట్టి అంచంతా ఒక చుట్టు తిప్పి, దీని మతలబేంటని మాత్రం అడగలేదు.